ఇంజనుకు బారసాల

1996 వేసవి. విశాఖపట్నం వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల వెనక సందులో నా మెకానిక్ షెడ్డు. సందు మొదట్లో ఉల్లిపాయల వాసన, చివరికొచ్చేసరికి గ్రీజు వాసన. పోర్టులో ఇనుప ఖనిజం ఎత్తే రోజు గాలి ఇటు తిరిగిందంటే ఎర్రటి దుమ్ము వచ్చి మంచినీళ్ళ బిందె దగ్గర్నుంచి స్పానర్ల దాకా అన్నిటి మీదా కూర్చుంటుంది. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. అందుకని మా ఊళ్ళో ఇంజను పని నేర్చుకునేవాడికి మొదట రావలసిన విద్య మూత పెట్టడం. విప్పడానికేం, ఎవడైనా విప్పుతాడు. విప్పిన ప్రతి కన్నానికీ శుభ్రమైన గుడ్డ కుక్కాడా లేదా అన్నదాన్ని బట్టి వాడు మెకానిక్కో కాదో నేను చెప్పేస్తాను.

ఈ విషయంలో నాది చాదస్తమని సందులో అందరికీ తెలుసు. తెరిచిన ఇంజను పక్కన ఎవరైనా తుమ్మినా నాకు పడదు. అంత చాదస్తపువాడి షెడ్డులో, వాడు నాలుగడుగుల దూరంలో చేతులు కడుక్కుంటూ ఉండగానే ఏం జరిగిందో చెబుతాను.

కోటేశ్వరరావుగారు పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు బందరు దగ్గర. కుర్రతనంలో ఉద్యోగానికని వచ్చి ఇక్కడివారైపోయారు. ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు. వాళ్ళ కారు యాభైల్లో ఇంగ్లండు నుంచి ఓడ మీద దిగిన కారు. ఎవరో దొర వెళ్ళిపోతూ అమ్మితే, ఒకరిద్దరి చేతులు మారి వీళ్ళింటికి చేరింది. నల్ల రంగు, గుండ్రటి ముక్కు, కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నట్టుండే లైట్లు. ఆయన దాన్ని "అమ్మాయి" అనేవారు.

"అమ్మాయికి ఆయాసం ఎక్కువైందయ్యా అప్పలరాజూ," అంటూ తీసుకొచ్చారు. స్టార్టు చేయించి చూశాను. వెనక నుంచి నీలం పొగ. ఆయిలు తాగేస్తోందన్నమాట. ఇంజను మొత్తం విప్పి కొత్తగా కట్టాలని చెప్పాను.

పనిలోకి దిగేముందు కారులో సామానంతా తీయించడం నా అలవాటు. ముందు సీటు కింద, అమ్మగారి కాళ్ళ దగ్గర, పాత దిండు గలేబులో చుట్టిన నల్లరాయి ఒకటి బయటపడింది. ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా, అరిగి నున్నగా ఉంది.

"ఇదేటమ్మా? పచ్చడి నూరుకోడానికేటి?" అన్నాను.

"అది మా ఆవిడ బ్రేకయ్యా," అన్నారు కోటేశ్వరరావుగారు నవ్వుతూ.

అన్నపూర్ణమ్మగారు నవ్వలేదు. "ముప్ఫై ఏళ్ళుగా మోస్తున్నాను," అంటూ ఆవిడే చెప్పారు.

ప్రతి పెళ్ళిరోజుకీ ఇద్దరూ సింహాచలం వెళ్తారు. ఘాట్‌రోడ్డులో ఒక ఏటవాలు మలుపు దగ్గర కారు ఇక నావల్ల కాదంటుంది. హ్యాండు బ్రేకు పట్టదు. అప్పుడు ఆవిడ దిగి, ఆ రాయి వెనక టైరు కింద పెట్టాలి. ఆయన బ్రేకు మీంచి కాలు తీసి, యాక్సిలరేటరు తొక్కి, మనిషి బరువు తగ్గిన కారుని ఎలాగో పైకి లాగించేస్తారు. ఆవిడ రాయి చంకనెత్తుకుని, పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నడిచి వెళ్ళి, పైన చదునులో కారు ఎక్కాలి.

"అంతసేపూ ఈయన కిటికీలోంచి తల బయటపెట్టి 'త్వరగా రా, త్వరగా రా, ఎంతసేపూ' అని అరుస్తారు. ఒక్కసారంటే ఒక్కసారి దిగిన పాపాన పోలేదు."

"డ్రైవరు దిగితే బండెవరు నడుపుతారే?" అన్నారాయన.

"ఇప్పుడు నా మోకాళ్ళు బాగాలేవు నాయనా. ఈసారి పెళ్ళిరోజుకి నేను దిగకుండా ఇది కొండెక్కిందా, సరే. లేదా, బీచ్‌రోడ్డులో హోటలు వాళ్ళు అడుగుతున్నారుగా, ఇచ్చేద్దాం. ఈయనా ఒప్పుకున్నారు."

హోటలు వాళ్ళు ఎందుకడుగుతున్నారో ఆయన చెప్పారు. గేటు పక్కన గడ్డిలో నిలబెట్టి, బానెట్టులో మట్టి పోసి పూలమొక్కలు వేస్తారట. చెప్పేటప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. అల్లారుముద్దుగా పెంచుకున్నదాని కడుపులో మట్టి పోస్తామంటే ఎవరికి మాత్రం నవ్వొస్తుంది? ఆ క్షణంలోనే అనుకున్నాను, ఎలాగైనా ఈ బండిని కొండెక్కించాలని.

ఇంజను దింపి విప్పాను. సిలిండర్లు అరిగిపోయి గుడ్డు ఆకారంలోకి వచ్చాయి. బ్లాకుని మస్తాన్ భాయ్ దగ్గరకి పంపాను. మస్తాన్ భాయ్ మా పక్క సందులో లేతు నడుపుతాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ వాళ్ళది ఇనుము చెక్కే ఇల్లే. అరిగిన సిలిండరుని కొంచెం పెద్దదిగా, గుండ్రంగా తొలచడాన్ని రీబోర్ అంటారు. దానికి తగ్గట్టు ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. ఇవన్నీ వెతికితే దొరికాయిగానీ హెడ్ గాస్కెట్టు ఏడిపించింది. బ్లాకుకీ, దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య వేసే రాగి తొడుగు రేకు అది. ఒకసారి బిగిస్తే నలిగి సర్దుకుంటుంది. విప్పి మళ్ళీ వాడితే పడుతుందని నాకు నమ్మకం లేదు. ఆ పాత కారుకి తగినది మద్రాసులో ఎవరి దగ్గరో అటకెక్కి ఉంటే తెప్పించాం. అక్కడ ఉన్నది ఆ ఒక్కటే.

హెడ్డు బిగించాను. కారులోకి దింపేముందు ఇంజనుకి చేయవలసినవి కొన్నుంటాయి. అవి లోపలికెళ్ళాక చేద్దామంటే చెయ్యి పట్టదు. క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టాలి. అది ఒక వెంట్రుకవాసి పక్కకి ఉన్నా గేరుబాక్సు కడ్డీ అందులో దూరదు. దానికోసం మస్తాన్ భాయ్ టేకుకర్రతో అచ్చం గేరుబాక్సు కడ్డీలాంటిదే ఒకటి లేతు మీద చేసిచ్చాడు. ముందు దాన్ని దూర్చి, ప్లేటు బిగించి, తర్వాత కర్ర లాగేయడమే. ఇంకొకటి ప్రైమింగ్. కొత్తగా కట్టిన ఇంజను పొడిగా ఉంటుంది. ఆయిలు పోసి, ప్లగ్గులు తీసేసి, ముందున్న హ్యాండిలుతో చేత్తో తిప్పితే ఆయిలు బేరింగులన్నిటికీ ఎక్కుతుంది. ప్లగ్గులు తీస్తే గాలి అడ్డుండదు, తిప్పడం తేలిక. తీసిన ప్లగ్గు కన్నాల్లో నేను గుడ్డముక్కలు కుక్కాను. చెప్పానుగా నా చాదస్తం.

ఇంజను చైన్‌పుల్లీ మీద వేలాడుతోంది. సరిగ్గా ఆ సమయానికి దంపతులు వచ్చారు. వాళ్ళ చేతిలో పసుపు, కుంకుమ, బంతిపూల దండ, ఒక పళ్ళెం నిండా అక్షింతలు.

"గొలుసుకి వేలాడుతుంటే అచ్చం ఉయ్యాల్లో ఉన్నట్టుంది చూడండి," అన్నారు అన్నపూర్ణమ్మగారు మురిసిపోతూ. "మళ్ళీ పుట్టినట్టేగా. లోపల పెట్టేముందు బారసాల చేయాలి."

ఇంజనుకి కొబ్బరికాయ కొట్టడం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం మా షెడ్లలో మామూలే. బారసాల మాత్రం వినలేదు. అయినా ఆవిడ ముచ్చట కాదనలేకపోయాను.

"నువ్వు ముందు చేతులు కడుక్కునిరా. ఆ చొక్కా కూడా మార్చుకో. మసిచేతులతో పూజేమిటి?" అన్నారు.

కుళాయి దగ్గరకి వెళ్ళాను. గ్రీజు ఒక పట్టాన వదుల్తుందా? సబ్బు రుద్దుకుంటూ ఉన్నాను. వెనక మాటలు, నవ్వులు వినపడుతున్నాయి. ఉల్లిపాయల కొట్టువాళ్ళు, సైకిలు షాపువాళ్ళు, మస్తాన్ భాయ్, అందరూ చేరారు. నేను చొక్కా మార్చుకుని తిరిగొచ్చేసరికి ఇంజను పెళ్ళికూతురిలా ఉంది. మెడలో బంతిపూల దండ. నాలుగు ప్లగ్గు కన్నాల చుట్టూ చక్కగా పసుపు గుండ్రాలు, వాటి మీద కుంకుమ బొట్లు. చుట్టూ నిలబడి అందరూ దోసిళ్ళతో అక్షింతలు చల్లుతున్నారు. ఆ బియ్యపు గింజలు హెడ్డు మీద టపటపా రాలి ఎగురుతున్నాయి.

కన్నాల్లో గుడ్డలు లేవు.

"ఓలమ్మో! ఆపండమ్మా, ఆపండి!" అని అరిచాను. "గుడ్డలేవీ? కన్నాల్లో గుడ్డలెట్టాను కదా, ఏటయ్యాయి?"

"ఆ మసిగుడ్డలా? బారసాల పిల్లకి మసిగుడ్డలేమిటి నాయనా? తీసి అవతల పడేసి, శుభ్రంగా తుడిచి బొట్టు పెట్టాను."

"తల్లీ, బియ్యం లోనకి ఎల్లిపోనాయి కదా!"

ఆవిడ చేతిలో మిగిలిన అక్షింతలు పిడికిట్లోనే ఉండిపోయాయి. ఆ కాలపు ఇంజన్లలో ప్లగ్గు కన్నాలు ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటాయి. కన్నం అడుగునే వాల్వు, అంటే గాలి వచ్చీపోయే తలుపు. దాని అంచులో ఒక్క గింజ ఇరుక్కున్నా తలుపు మూసుకోదు. బలం కారిపోతుంది. అలాంటి ఇంజను చదునులో నడుస్తుందేమోగానీ కొండెక్కదు. పోనీ హెడ్డు విప్పుదామా అంటే గాస్కెట్టు ఒక్కటే. మింగలేక కక్కలేక నిలబడ్డాను.

కోటేశ్వరరావుగారు మెల్లగా అన్నారు, "ఇక బానెట్టులో పూలమొక్కలేనా అప్పలరాజూ?"

సైకిలు షాపతను కంప్రెసరు గొట్టం పట్టుకొచ్చాడు, గాలి కొట్టి ఎగరగొడదామని. మస్తాన్ భాయ్ అడ్డం పడ్డాడు. "అరె, గాలి కొట్టకండ్రా బాబూ. కొట్నావంటే సీదా వాల్వు కిందకి దూరీసి కూకుంటాది. బావా, ముందు ఇంజను కిందకి దించు. సూద్దాం."

స్టాండు మీదకి దింపాం. టార్చి వేసి చూస్తే లోపల ఆయిల్లో మెరుస్తూ పచ్చటి గింజలు. అందంగానే ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. చీపురుపుల్ల చివర గట్టి గ్రీజు అద్ది లోపలికి దించాను. గింజ అంటుకుంది. సగం దాకా వచ్చి, నా చెయ్యి కన్నం అంచుకి తగిలి మళ్ళీ పడిపోయింది. మళ్ళీ దించాను, మళ్ళీ పడింది. స్పానరు పట్టిన చెయ్యి నాది, చీపురుపుల్లతో పనేముంది దానికి? నోట్లోంచి ఒకటి రెండు మాటలు కూడా జారాయి.

"లే నాయనా, ఇలా ఇవ్వు," అన్నారు అన్నపూర్ణమ్మగారు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ రేషను బియ్యంలో రాళ్ళేరుతూనే ఉన్నాను. రాళ్ళల్లో బియ్యం ఏరలేనా?"

స్టూలు వేశాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, చెంగు నడుముకి చుట్టి కూర్చున్నారు. ఆయన టార్చి పట్టుకున్నారు.

"కాస్త ఇటు. ఇటండీ. నా కళ్ళల్లో కాదు, కన్నంలో వేయండి వెలుగు."

"ఇటే ఉందిగా."

"క్రేను మీద అంత పైనుంచి ఓడలో సామాను దించారుగా. ఒక టార్చి తిన్నగా పట్టుకోలేరా?"

ఆయన టార్చి తిన్నగా పట్టారు. పుల్ల దిగింది, పచ్చటి గింజతో పైకొచ్చింది. మస్తాన్ భాయ్ దోసిలి పట్టాడు. మళ్ళీ దిగింది, మళ్ళీ వచ్చింది. ఆవిడ తొందరపడలేదు. ఉల్లిపాయల కొట్టులో బేరం మానేసి జనం వచ్చి చూస్తున్నారు. ఒక్కో గింజ వచ్చినప్పుడల్లా క్రికెట్టులో పరుగు తీసినట్టు కేక. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. కేకలు పెట్టేవాళ్ళలో నేనే ముందున్నాను.

టార్చి వెలుగులో ఇంకేమీ కనబడనంత దాకా ఏరాక, అసలు పరీక్ష నా చేతిలో ఉంది. ప్లగ్గు కన్నం మీద బొటనవేలు గట్టిగా అదిమి హ్యాండిలు తిప్పిస్తే, పిస్టన్ పైకొచ్చేటప్పుడు లోపలి గాలి వేలిని ఫట్‌మని తన్నేయాలి. అలా తన్నిందంటే తలుపులు మూసుకున్నట్టే. మస్తాన్ భాయ్ హ్యాండిలు తిప్పాడు. మొదటిది తన్నింది. రెండోది తన్నింది. మూడోది తుస్సుమంది.

"ఉందమ్మా ఇంకోటి. వాల్వు కింద నొక్కుకుపోనాది," అన్నాను.

మెల్లగా, మెల్లగా తిప్పించాను, ఆ వాల్వు పైకి లేచేదాకా. "ఇప్పుడు సూడండమ్మా, అంచునుంటాది."

ఆవిడ పుల్ల దించి, ఊపిరి బిగబట్టి, అడ్డంగా గీకినట్టు లాగారు. అటుకులా నలిగిన గింజ ఒకటి పైకొచ్చింది. మళ్ళీ వేలు పెట్టబోతే, "ఉండు, ఈసారి నేను పెడతాను," అన్నారు. పెట్టారు. మస్తాన్ భాయ్ తిప్పాడు. ఫట్!

"అమ్మో! తన్నిందండీ! అమ్మాయి తన్నింది!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. కోటేశ్వరరావుగారు కళ్ళు తుడుచుకుంటూ టార్చి ఆర్పడం మరచిపోయారు. నాలుగోది కూడా తన్నింది. ఆ సంతోషంలో ఉల్లిపాయల కొట్టాయన అందరికీ టీలు తెప్పించాడు.

మర్నాడు ఇంజను కారులోకి దించాం. టేకుకర్ర పుణ్యమా అని గేరుబాక్సు కడ్డీ వెన్నలో వేలు దిగినట్టు దిగింది. స్టార్టు చేస్తే పొగ లేదు, దడ లేదు. అయితే కొత్తగా కట్టిన ఇంజనుని వెంటనే కొండెక్కించకూడదు. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు సిలిండరుకి రాసుకుని సర్దుకునేదాకా నిదానంగా నడపాలి. దాన్నే రన్నింగ్ ఇన్ అంటారు. రోజూ పొద్దున్నే భీమిలి రోడ్డులో మెల్లగా వెళ్ళి రమ్మన్నాను. ఆవిడ చేపలు కొనుక్కునేవారు, ఆయన సముద్రం చూసేవారు. వేసవంతా అలా గడిచింది.

కారు అప్పగించిన రోజే రాయి చూపించి, "ఇక దీంతో పనేటమ్మా? ఇక్కడ వదిలీండి, తలుపుకి అడ్డెట్టుకుంటాను," అన్నాను కొంచెం గర్వంగానే. ఆవిడ రాయి మాత్రం వదల్లేదు.

శ్రావణంలో వాళ్ళ పెళ్ళిరోజు వచ్చింది. దారిలో ఏదైనా అయితే ఆదుకుందామని నేనూ మస్తాన్ భాయ్ నా జీపులో పనిముట్లన్నీ వేసుకుని వెనకే బయలుదేరాం. ఘాట్‌రోడ్డు మొదలైంది. ఆ మలుపు దగ్గరపడింది. నా ప్రాణమంతా ఆ నల్లకారు వెనక టైర్ల మీదే ఉంది. గేరు మార్చిన చప్పుడు వినపడింది. గొంతు కొంచెం బరువెక్కింది. అంతే, ఆగలేదు. అలా ఎక్కుతూ, ఎక్కుతూ మలుపు తిరిగిపోయింది. కిటికీలోంచి అన్నపూర్ణమ్మగారి చెయ్యి బయటికొచ్చి గాల్లో ఊగింది.

"ఎక్కీసింది బావా! ఎక్కీసింది!" అని మస్తాన్ భాయ్ నా భుజం మీద కొట్టాడు. నేను కేకేశాను. ఆ హడావిడిలో నా గేరు సంగతి మరచిపోయాను. జీపు ఒక్క ఊపు ఊపి, సరిగ్గా మలుపు మధ్యలో ఆగిపోయింది.

హ్యాండు బ్రేకు లాగితే ఊరికే పైకొచ్చింది. దాని కేబులు మార్చాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నీ అయితేగా నా బండి వంతు వచ్చేది! ఒక కాలు బ్రేకు మీద, ఒకటి క్లచ్చు మీద. యాక్సిలరేటరుకి మూడో కాలు కావాలి. కాలు తీస్తే వెనక్కి. మస్తాన్ భాయ్ దిగి వెతికాడు. అటు సిమెంటు గోడ, ఇటు కాలవ. కొండ మీద రాయి దొరకలేదంటే ఎవరైనా నమ్ముతారా? మాకు దొరకలేదు.

పైన చదునులో నల్లకారు ఆగింది. తల ఎత్తి చూశాను. ఎడమ వైపు కిటికీలోంచి దిండు గలేబు ఒకటి బయటికొచ్చింది.

"ఏమండీ, దిగండి."

"నేనా?"

"మరి నేనా? నేను దిగనుగా ఇవాళ."

డ్రైవరు తలుపు తెరుచుకుంది. అన్నేళ్ళలో మొదటిసారి కోటేశ్వరరావుగారు ఆ మలుపులో నేల మీద కాలు పెట్టారు. పట్టుపంచె ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రాయి చంకనెత్తుకుని, జాగ్రత్తగా దిగి మా దగ్గరకి వచ్చారు. ఆయాసపడుతున్నారు.

"ఇంత బరువా ఇది?" అన్నారు నాతో, మెల్లగా, ఆవిడకి వినపడకుండా.

పైనుంచి ఆదేశాలు మొదలయ్యాయి. "అలా కాదండీ! పలచటి వైపు టైరుకి పెట్టండి! ఇంకా లోపలికి! ఆఁ, ఇప్పుడు కాలితో తన్నండి!"

ఆయన తన్నారు. రాయి పట్టింది. నేను బ్రేకు మీంచి కాలు తీసి, యాక్సిలరేటరు తొక్కి, జీపుని పైకి లాగించి చదునులో కారు పక్కన ఆపాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అన్నారా?

"నాను బాగుసేసిన ఇంజను మీద నమ్మకం లేకేటమ్మా, రాయి తెచ్చీసినారు?" అని అడిగాను.

"నీ ఇంజను మీద బోలెడు నమ్మకం నాయనా. అందుకే నేను దిగలేదు," అన్నారావిడ. "రాయంటావా, అది మన కోసమే ఉండాలని ఏముంది?"

ఆ తర్వాత మస్తాన్ భాయ్ ప్లగ్గు కన్నాలకి సరిపోయే కర్ర బిరడాలు లేతు మీద చేసిచ్చాడు. వాటికి పసుపు రంగు వేయించి, మధ్యలో ఎర్రటి బొట్టు పెట్టించాను. ఇప్పుడు ఎంత భక్తురాలు వచ్చినా వాటిని తీసి అవతల పడేయదు. నా జీపు హ్యాండు బ్రేకు కేబులు మార్చాను. అయినా సీటు కింద ఒక రాయి పెట్టుకున్నాను. చేసిన పని మీద నమ్మకం ఉండాలి, సీటు కింద రాయీ ఉండాలి. ఇన్నేళ్ళ వృత్తిలో నేను నేర్చుకున్నదానికి ఇంతకంటే పొట్టి పాఠం లేదు.

ఆ రోజు కింద మలుపులో కోటేశ్వరరావుగారు రాయి మళ్ళీ చంకనెత్తుకుని, మస్తాన్ భాయ్ భుజం పట్టుకుని, ఆగి ఆగి ఎక్కుతున్నారు. అన్నపూర్ణమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. మొహం నిండా నవ్వు.

"త్వరగా రండి! త్వరగా! ఎంతసేపూ!"